లచ్చమ్మ సీటు బెల్టు

పార్లమెంటులో తెలంగాణ బిల్లు నెగ్గాక వచ్చిన మొదటి ఆదివారం అది. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో మధ్యాహ్నం నుంచే డప్పులు మోగుతున్నాయి. హయత్‌నగర్ దాటాక హైవే పక్కనున్న మైదానంలో మాత్రం తెల్ల హెలికాప్టర్ ఒకటి కదలకుండా నిలబడి ఉంది.

ఆ చలికాలమంతా అక్కడ హెలికాప్టర్ షికార్లు నడిచాయి. జనాన్ని ఎక్కించుకుని, ఊరి మీద ఒక చుట్టు తిప్పి దింపేవారు. వచ్చినవాళ్ల బరువు చూసి, ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పి, సీటు బెల్టులు పెట్టడం వాసంతి ఉద్యోగం. ఆమె తండ్రి హనుమాండ్లు పోచంపల్లిలో మగ్గం వదిలేసి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో కుదిరినవాడు. కూతురు గాలిలో ఎగిరే బండి దగ్గర పనిచేస్తుందని దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

పైలట్ గంగాధరరావుది తెనాలి వైపు. సైన్యంలో పనిచేసి రిటైరై, చాలా ఏళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉంటున్నాడు. వాసంతి చేరిన రోజే ఆమెకు ఒక మాట చెప్పాడు.

"బెల్టు మనం పెట్టొచ్చమ్మా. విప్పడం మాత్రం ఎవరిది వాళ్లకే రావాలి. ఎక్కిన ప్రతివాళ్లూ నా ఎదురుగా ఒకసారి తమ చేత్తో విప్పి చూపించాలి. అప్పుడే ఇంజన్ స్టార్ట్ చేస్తాను."

ఆ ఆదివారం షికార్లు లేవు. వాసంతి తమ్ముడు అశోక్ ఉద్యమంలో తిరిగినవాడు. సంబరాల వేళ చౌరస్తా మీద పూలు చల్లించాలని అతనే కంపెనీ యజమాని మల్లికార్జునరావుతో మాట్లాడి ఒప్పించాడు. పోలీసుల దగ్గర అనుమతి కూడా తెచ్చాడు. పూలు చల్లవలసిన మనిషి లచ్చమ్మ. హయత్‌నగర్ మార్కెట్‌లో కూరగాయలు అమ్ముకునే ఆమెకు ఒక్కడే కొడుకు, సాయికుమార్. సకల జనుల సమ్మె నాడు ఆ చౌరస్తాలోనే రాస్తారోకోలో కూర్చున్నాడు. తొక్కిసలాటలో లారీ కింద పడి చనిపోయాడు. అతను అశోక్‌కు క్లాస్‌మేట్.

లచ్చమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని, ఒళ్లో మోదుగుపూల సంచి పెట్టుకుని, షెడ్డు నీడలో కుర్చీలో కూర్చుంది. వచ్చినప్పటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

అశోక్ ఆలోచన వేరుగా ఉంది. తలుపు తీసేయించి, ఫొటోలు తీసేవాళ్ల కోసం కంపెనీ ఉంచిన పట్టీలను తనకూ లచ్చమ్మకూ కట్టించి, అంచున కూర్చుని పూలు చల్లాలని.

గంగాధరరావు ఆ పట్టీని తిప్పి చూశాడు.

"దీని కొక్కెం వీపు వెనక తగిలిస్తారు. నీ చెయ్యి అక్కడికి అందుతుందా?"

"ఎందుకందాలె సార్? జారిపడకుంటనే గద పట్టీ?"

"నువ్వు జారిపడకుండా సరే. హెలికాప్టరే పడితే? నీళ్లలో పడితే, మంటలొస్తే, ఎవరొచ్చి విప్పుతారు?"

గంగాధరరావు పట్టీని షెడ్డులో పడేసి, "తలుపు ఉంటుంది. అద్దానికున్న చిన్న కిటికీలోంచి చల్లుకోండి" అన్నాడు.

అసలు చిక్కు ఇంధనం దగ్గర వచ్చింది. గంగాధరరావు నిచ్చెన ఎక్కి ట్యాంకులో కొలకర్ర ముంచి చూశాడు. సరిపడా లేదు. ఇంధనం తేవలసిన ట్యాంకర్ ఊరేగింపుల మధ్య ఇరుక్కుని ఎల్‌బీ నగర్ అవతలే ఆగిపోయింది.

"మీటర్ల ముల్లు ఎర్రగీతకు మీదనే ఉంది గద సార్," అన్నాడు అశోక్, లోపలికి తొంగిచూసి. "ఒక్క చుట్టే. పోయొచ్చుడే."

"ముల్లును నమ్మి ఎగరను. వెళ్లి రావడానికి సరిపోతే చాలదు, దిగడానికి చోటు దొరక్కపోతే ఇంకో చోటికి వెళ్లేంత ఉండాలి."

షెడ్డులో పాత డ్రమ్ము ఒకటి ఉంది. యజమాని ఫోన్ చేసి అదే పోసుకోమన్నాడు. గంగాధరరావు డ్రమ్ము అడుగు నుంచి కాస్త గాజుసీసాలోకి తీసి, ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. తేరుకున్నాక సీసా అడుగున వేరే గీత కనిపించింది.

"నీళ్లు," అన్నాడు. "వానాకాలం నుంచి పడి ఉంది. ఇది పోస్తే ఇంజన్ గాల్లో ఆగిపోతుంది."

చౌరస్తా నుంచి అశోక్‌కు ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. జనం ఆకాశం వైపు చూస్తున్నారు, మైకులో చెప్పేశారు, ఇంకెప్పుడు అని. ప్రతి ఫోన్‌కూ అతని ముఖం ఇంకా ఎర్రబడింది. చివరికి ఫోన్ జేబులో పెట్టి గంగాధరరావు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"పట్టీ వద్దంటిరి. తలుపు తియ్యనంటిరి. గిప్పుడు నీళ్లంటున్రు. మా సంబురం మీకు ఇష్టం లేదు. గదొక్కటి చెప్పుండ్రి సార్, అయిపోతది."

"అశోక్!" అంది వాసంతి.

గంగాధరరావు సీసాను నేల మీద పెట్టాడు.

"నాకు ఇష్టం లేదన్నది నిజమే బాబూ. రాష్ట్రం విడిపోవడం నాకు ఇష్టం లేదు. బిల్లు నెగ్గిన రాత్రి టీవీ చూస్తూ అన్నం కూడా సరిగ్గా తినలేదు. దానికీ ఈ సీసాలో నీళ్లకీ సంబంధం లేదు."

అశోక్ అలాంటి మాట వస్తుందని అనుకోలేదు. గేటు దాకా వెళ్లి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ట్యాంకర్ వచ్చేలోగా లచ్చమ్మకు బెల్టు నేర్పుదామని వాసంతి ఆమెను తీసుకెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టింది.

"చూడు పెద్దమ్మా, ఇట్ల పెడుతరు. ఇప్పాలంటే గీ మూతను మీదికి లేపాలె, అంతే. ఒకపారి లేపు."

లచ్చమ్మ చేయి ఒళ్లోంచి కదల్లేదు.

"ఏం కష్టం గాదు. జర లేపి చూడు."

"పెట్టినవు గద బిడ్డా. ఉండనియ్యి."

"ఏమన్న అయితే జల్ది ఇప్పుకోని దిగాలె గద, గందుకు."

లచ్చమ్మ ఆమె వైపు తిరిగింది. ముఖంలో భయం లేదు, కోపమూ లేదు.

"ఇప్పుకోని ఏడికి పోవాలె బిడ్డా?"

వాసంతి ఎందరికో ఆ బెల్టు నేర్పింది. చేతులు వణికినవాళ్లను చూసింది, నవ్వులాటగా తీసుకున్నవాళ్లను చూసింది. ఆ మూత ఎత్తాలంటే ముందు మనిషికి బతకాలని ఉండాలని మాత్రం ఆమెకు అంతవరకు తోచలేదు.

తలుపు పక్కన నిలబడ్డ గంగాధరరావు ఆ మాట విన్నాడు.

"అమ్మా, మీకు భయంగా లేదా?"

"నాకేం భయం సారు. మీరు తోలుండ్రి, నేనొస్త."

"మీకు భయం లేకపోవడమే నాకు భయంగా ఉంది," అన్నాడాయన. "బెల్టు మీ చేత్తో విప్పి చూపించందే నేను తీసుకెళ్లను."

లచ్చమ్మకు అప్పుడు కోపం వచ్చింది. "నేను పోతనంటున్న గద! నా కొడుకు పోయిన జాగను నేను మీదికెల్లి చూస్తనంటే మీకేంది నొప్పి?" అని గట్టిగా అరిచింది. గేటు దగ్గరున్న అశోక్ పరుగెత్తుకొచ్చాడు. గంగాధరరావు మాత్రం అక్కడి నుంచి కదల్లేదు.

అంతలో ట్యాంకర్ హారన్ వినిపించింది. ఆయన వెళ్లి దాంట్లోంచి కూడా సీసాలోకి తీసి చూశాడు. శుభ్రంగా ఉంది. ఇంధనం నింపించి, మళ్లీ కొలకర్ర ముంచి చూసి, నిచ్చెన దిగాడు. యజమాని మళ్లీ ఫోన్ చేశాడు. "ఇప్పుడైనా ఎగురుతావా, లేకపోతే రేపటి నుంచి రావద్దా?" అన్న గొంతు పక్కనున్న వాసంతికి కూడా వినిపించింది. "ఆవిడ ఇష్టం సార్" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

వాసంతి లచ్చమ్మ పక్క సీట్లో కూర్చుని తన బెల్టు పెట్టుకుంది.

"పెద్దమ్మా, నీ పక్కన కూసునేది నేనే. ఏమన్న అయితే నిన్ను దింపినంకనే నేను దిగాలె. నువ్వు ఇప్పుకోకపోతే నేను నీ తానే ఉంట. నాది గూడ ఇప్పను."

"పిచ్చి పిల్ల, నువ్వెందుకుంటవే?"

"నా పని గదే."

అశోక్ బయట నిలబడి వింటున్నాడు. అక్క ముఖంలోకి చూశాడు. ఆమె బెదిరించడానికి అంటున్న మాట కాదని అతనికి తెలిసిపోయింది. అతని చేయి తలుపు అంచును గట్టిగా పట్టుకుంది.

లచ్చమ్మ వాసంతి వైపు, అశోక్ వైపు మార్చి మార్చి చూసింది. తర్వాత అడిగింది.

"మీ అమ్మకు ఎంతమందే?"

"ఇద్దరం. నేనూ, ఇగో వీడూ."

"ఇద్దరు గూడ గిండ్లనే ఎక్కుతున్రా?"

"ఆ."

లచ్చమ్మ పూలసంచిని పక్కన పెట్టింది. కూరగాయల గంపలు మోసి గట్టిపడ్డ వేళ్లు బెల్టు మీద తడుముకున్నాయి. మొదటిసారి మూత జారిపోయింది. రెండోసారి టక్కున లేచి, పట్టీలు రెండు పక్కలకూ పడ్డాయి. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"ఇంకోపారి పెట్టు," అంది. "మల్ల ఇప్పుత."

అశోక్ ముందు సీట్లో కూర్చుని, ఎవరూ చెప్పకుండానే తన బెల్టు ఒకసారి విప్పి చూపించి, మళ్లీ పెట్టుకున్నాడు.

వాళ్లు లేచేసరికి ఎండ వాలింది. కింద హైవే, బస్సులు, ఇంకా పట్టాలు లేని మెట్రో స్తంభాల వరుస, దూరంగా సరూర్‌నగర్ చెరువు. చౌరస్తాలో జనం సగం వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు తలలెత్తి చేతులు ఊపారు. వాసంతి కిటికీ తెరిచింది. లచ్చమ్మ పూలు వదిలింది. గాలి వాటిని చౌరస్తా మీద పడనివ్వలేదు. కొన్ని బస్సుల మీద, కొన్ని దుకాణాల రేకుల మీద పడ్డాయి. కొన్ని కొత్తపేట దిక్కుగా కొట్టుకుపోయాయి.

"ఆ జాగ ఏది సారు?" అని అడిగింది లచ్చమ్మ. "మెడికల్ షాపు ముంగట. విజయవాడ బస్సులు ఆగేకాడ."

గంగాధరరావు హెలికాప్టర్‌ను వాల్చి ఇంకో చుట్టు తిప్పాడు. "ఆకుపచ్చ బోర్డు కనిపిస్తోందా అమ్మా? దాని ముందు."

లచ్చమ్మ నుదురు అద్దానికి ఆనించి చూసింది. ఆ బోర్డు ముందు ఒక ఆటో ఆగింది. ఎవరో ఒకామె పిల్లవాణ్ణి దింపుకుని వెళ్లిపోయింది.

"గింతనేనా," అంది లచ్చమ్మ. "రెండేండ్ల సంది నా కండ్లకు గా జాగ తప్ప ఇంకోటి కనవడలే. గింతనే ఉన్నది."

తిరిగి వచ్చేదాకా ఆమె అద్దం దగ్గరి నుంచి తల తీయలేదు.

దిగాక అశోక్ గంగాధరరావు దగ్గరికి వెళ్లాడు. "సార్, గప్పుడు నేనన్న మాట..." అని ఆగిపోయాడు. గంగాధరరావు అతని భుజం మీద చేయి వేసి, "వెళ్లు, ఆవిడని జాగ్రత్తగా దింపు" అన్నాడు. మల్లికార్జునరావు ఆయన్ని ఆ నెలాఖరుకే మాన్పించాడు. కారణమేమీ చెప్పలేదు. తర్వాత వచ్చిన పైలట్ బెల్టులు విప్పించి చూసేవాడు కాదు. వాసంతి తనే అందరి చేతా విప్పించేది. విప్పనివాళ్లు ఉంటే తలుపు దగ్గరే నిలబడేది. వేసవి మొదలయ్యాక షికార్లే ఆగిపోయాయి.

ఆ సాయంత్రం మాత్రం, అశోక్ బండి మీద ఇంటి దగ్గర దింపుతానంటే లచ్చమ్మ తల అడ్డంగా ఊపింది.

"మీ ఇంటికి పోదాం పా. మీ అమ్మను జూడాలె."

దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్లది మూడో అంతస్తులో కిరాయి ఇల్లు. లచ్చమ్మ మెట్లు మెల్లగా ఎక్కింది. తలుపు తీసిన వాసంతి తల్లి వజ్రమ్మకు ఆమె ఎవరో పిల్లలు చెప్పకముందే అర్థమైంది. పత్రికలో ఫొటో చూసి ఉంది. చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి పీట వేసింది.

"నీ పిల్ల మస్తు మొండిదక్కా," అంది లచ్చమ్మ కూర్చుంటూ.

"చిన్నప్పటి సంది గంతే," అంది వజ్రమ్మ. "పొద్దటి సంది ఏమన్న తిన్నవా?"

"లే. ఆకలైతంది."

వజ్రమ్మ పళ్లెం తెచ్చి అన్నం పెట్టి, పప్పు వేసి, ఎదురుగా కూర్చుంది. లచ్చమ్మ తలవంచుకుని కలుపుకుంది. సగం తిన్నాక, ఇంకొంచెం వెయ్యమన్నట్టు పళ్లెం ముందుకు జరిపింది.