చీపురు ఆనించిన తలుపు

ఉత్తరాది మంచుసీమలో, మా కైను ప్రాంతపు పల్లెల్లో బయటికి వెళ్ళేటప్పుడు తలుపుకు చీపురు అడ్డంగా ఆనించి పోతారు. ఇంట్లో ఎవరూ లేరని దాని అర్థం. అది చూసినవాళ్ళు తలుపు తట్టరు, గడియ ముట్టరు, వచ్చిన దారినే వెళ్ళిపోతారు. మాకు మర్యాదంటే అదే. ఆ మర్యాదంటే ఈమధ్య నాకు ఒళ్ళు మండుతోంది.

నేను ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసే నర్సును. తౌనో ఇంటికి ప్రతి గురువారం వెళ్తాను. ఎనభై దాటిన మనిషి, జీవితమంతా ఆవుల్ని మేపి బతికాడు. ఆకులు రాలే కాలంలో భార్య సేల్మా పోయింది. పిల్లల్లేరు. ఒంట్లో ఎలా ఉంది, మనసు ఎలా ఉంది, అతన్ని ఒంటరిగా ఉండనివ్వచ్చా అని చూసి డాక్టరుకు చెప్పడం నా పని.

ఆ సోమవారం పొద్దున్నే సేల్మా చెల్లెలు హిల్కా ఫోన్ చేసింది.

"ఇర్మెలీ, మా బావ ఊళ్ళో లేడే! శుక్రవారం నుంచీ తలుపుకి చీపురుంది. ఎక్కడైనా విధవరాలు తగిలిందేమో!" అని కిసుక్కున నవ్వింది.

"లోపలికెళ్ళి చూశారా?"

"చీపురుంటే ఎలా వెళ్తానమ్మా? నేనేమన్నా దొంగనా? నేనూ పోస్టతనూ వీధిలోంచే చూసి వెనక్కెళ్ళాం."

తౌనోకి వెళ్ళడానికి మనుషులెవరున్నారు? కారు కూడా చలికాలం ముందే అమ్మేశాడు. మిగతా ఇళ్ళు తర్వాత చూసుకుందామని బయలుదేరాను.

పొగగొట్టంలో పొగ లేదు. వాకిట్లో మంచు మీద వీధిలోకి వెళ్ళిన అడుగులు లేవు. తలుపు దగ్గర నుంచి ఇంటి చుట్టూ తిరిగి, పశువుల కొట్టం వైపు తలుపు దాకా వెళ్ళిన అడుగులు మాత్రం ఉన్నాయి. చీపురు పెట్టింది అతనే, పెట్టి వెనకనుంచి లోపలికి వెళ్ళిందీ అతనే. అంత తెలిసీ ఆ చీపురు మీద చెయ్యి వేయడానికి నాకు క్షణం సేపు మనసొప్పలేదు. తర్వాత దాన్ని లాగి మంచులోకి విసిరేశాను.

వంటింట్లో తౌనో కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. నోట్లోంచి ఆవిరి వస్తోంది.

"చీపురు కనబడలేదా నీకు?"

"కనబడింది."

"మీ అమ్మ నిన్ను బాగానే పెంచిందనుకున్నానే."

"మా అమ్మనేమీ అనకండి. ముందు చెయ్యిటివ్వండి."

పొయ్యి వెలిగించి, దుప్పటి కప్పి, నా పని మొదలుపెట్టాను. ఒళ్ళు చల్లబడిపోయింది. నాడి నెమ్మదిగా ఉంది. చేతి మీది చర్మం గిల్లి వదిలితే అలాగే నిలబడింది, నీళ్ళు సరిగా తాగడం లేదు. ప్యాంటు జారకుండా తాడు కట్టుకున్నాడు. రక్తపోటు మాత్రం పరవాలేదు.

"ఏం తిన్నారు?"

"బంగాళాదుంప."

"ఎప్పుడు?"

"పండినప్పుడు."

ఇలాంటి మనిషితో ఏం వేగుతాం? వేడి కాఫీలో పాలు పోసి చేతికిచ్చాను. తర్వాత మనసు సంగతి అడగాలి. ఇవాళ ఏ వారం అంటే టక్కున సోమవారమన్నాడు, నువ్వు రావలసిన రోజు కాదు అని కూడా కలిపాడు. దిగులుగా ఉంటోందా? లేదు. నిద్ర పడుతోందా? పడుతోంది. చచ్చిపోవాలనిపిస్తోందా?

"ఆవునైతే ఇన్ని అడిగేవాణ్ణి కాదు," అన్నాడు. "మేత మానేసి గోడవైపు తిరిగి నిలబడిందంటే తెలిసిపోయేది."

"మీరిప్పుడు ఎటు తిరిగి కూర్చున్నారు?"

కాఫీ తాగాడు.

ఆస్పత్రికి రమ్మంటే రానన్నాడు. డాక్టర్ హన్నెలేకి ఫోన్ చేశాను. ఆమె అంతా విని నిట్టూర్చింది. "కాస్త వేడెక్కాడంటున్నావు, మతి సరిగ్గా ఉంది, దిగులు లేదంటున్నాడు. రానంటున్న మనిషిని ఏమని తెమ్మంటాను? పైగా వార్డులో మంచమే లేదు, ఇర్మెలీ."

ఫోన్ పెట్టేయకుండానే అతని వైపు తిరిగాను. మావాళ్ళకు బాధ దాచుకోవడం అబద్ధం కిందికి రాదు. కానీ చెయ్యి కలిపి ఇచ్చిన మాట తప్పడం చేతకాదు. తౌనో తన ఆవుల్నన్నిటినీ చెయ్యి కలిపే అమ్మాడు, కాగితం రాసి ఎరగడు.

చెయ్యి చాచాను. "గురువారం వస్తాను. అప్పటిదాకా బతికే ఉంటానని మాటివ్వండి."

నా చేతిని చూశాడు. తన రెండు చేతులూ బల్ల కిందికి తీసుకున్నాడు.

"అది అడక్కు."

"అడుగుతున్నాను."

"ఇవ్వలేనమ్మాయ్."

ఫోన్‌లో హన్నెలే అంతా వింటూనే ఉంది. ఆమెదీ ఈ పక్క ఊరే, మాట ఇవ్వలేనన్నాడంటే ఏమిటో ఆమెకు తెలుసు. "తీసుకురా," అంది చివరికి. "మంచం సంగతి నేను చూస్తాను."

పేచీ పెట్టకుండా కారెక్కాడు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. గడ్డకట్టిన సరస్సు పక్కనుంచి వెళ్తుంటే అడిగాడు.

"అబద్ధమాడి చెయ్యిచ్చి ఉంటే వదిలేసి పోయేదానివా?"

"పోయేదాన్ని."

"హు," అన్నాడు.

ఉండబట్టలేక అడిగేశాను. "ఎప్పుడనుకున్నారు?"

"బుధవారం."

"బుధవారమే ఎందుకు?"

"మర్నాడు నువ్వొస్తావుగా. హిల్కాకి గుండెజబ్బు. పోస్టతను పిరికోడు. నీకోసం చీపురు తీసేసే ఉంచేవాణ్ణి. నర్సువి కదా, చూసి చూసి నీకు అలవాటైపోయుంటుందనుకున్నా."

కారు పక్కకు తీసి ఆపేశాను. ఇన్నేళ్ళలో రోగి ముందు ఏడ్చింది లేదు. ఆ రోజు స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. దుఃఖం కంటే కోపమే ఎక్కువ. గురువారం పొద్దున కాఫీ పొడి పట్టుకుని ఈల వేసుకుంటూ ఆ గడప దాటేదాన్ని నేను.

"అలవాటు కాదండీ," అన్నాను. "ఒక్కళ్ళ చావు కూడా అలవాటు కాలేదు."

అతను టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అది నేను ఆలోచించలేదు," అన్నాడు.

మళ్ళీ చెయ్యి చాచాను. దాన్ని చూసి, టోపీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఇంకా మాటివ్వలేడు; కారు తీసి ఆస్పత్రి వైపే పోనిచ్చాను.