బావమరిది డిప్ప

ఆ ఇంటికి పెద్దకొడుకు ఎవరయ్యా అంటే, తాబేలు. నవ్వకండి, ఆ మాట అత్తగారే అంటుంది. కూతురు పుట్టకముందు నుంచీ పెంచుతోంది మరి. పేరు కూడా ‘పెద్దోడు’. ఆ లెక్కన కట్టుడు పళ్లసెట్లు తయారుచేసే అల్లుడికి అది బావమరిది. పనినుంచి రాగానే దాని డిప్ప మీద వేళ్లతో టకటకా కొట్టి, “ఏం బావమరిదీ, ఇంట్లో ఉన్నావా?” అని పలకరించడం అతనికి సరదా.

అలాంటి బావమరిది మీదికే ఒకరోజు స్కూటర్ వెనక్కి తీస్తూ చక్రం ఎక్కించాడు మహానుభావుడు!

డిప్ప పగిలింది. నెత్తురు కారింది. అత్తగారు పరుగెత్తుకొచ్చింది. నాలుగు తిట్టినా అతని ప్రాణం కుదుటపడేది. ఆవిడ పెదవి విప్పలేదు. దాన్ని తువ్వాలులో చుట్టుకుని ఆటో ఎక్కేసింది. అతను వెనకాలే పశువుల ఆసుపత్రికి పరుగెత్తాడు.

“పైన గుల్లే కదా డాక్టరుగారూ పగిలింది? లోపల దానికేం కాలేదుగా?” అని ఆశగా అడిగాడు.

“డిప్ప దానికి ఇల్లు కాదండీ, ఒళ్లు,” అంది డాక్టరమ్మ గాయం కడుగుతూ. “వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయి అలా తయారయ్యాయి. దాన్ని వదిలి బయటికి రాలేదు. వేలితో గీరినా తెలుస్తుంది దానికి.”

అల్లుడికి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ తలుపు తడుతున్నాననుకుని వెన్ను మీద మొట్టికాయలు వేశాడన్నమాట!

కొన్నాళ్లు ఆసుపత్రిలోనే ఉంచారు. గాయం శుభ్రపడి ఆరాక అతుకు వేయాలన్నారు. పళ్లసెట్లకు వాడే ప్లాస్టిక్ పనికొస్తుందనేసరికి అతను పొడీ, అందులో కలిపే మందూ పట్టుకుని వాలిపోయాడు. కంగారులో తెచ్చింది చిగుళ్ల రంగు పొడి! అచ్చం గులాబీ రంగు.

“మా అన్నయ్యకి ఇక వీపున పళ్లు మొలుస్తాయి కాబోలు,” అంది పెళ్లాం. డాక్టరమ్మ పకపకా నవ్వింది. అత్తగారు మాత్రం గోడకేసి చూస్తూ కూర్చుంది.

ఆ ప్లాస్టిక్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. అందుకని పల్చగా ఒక పూత వేయడం, మణికట్టు ఆనించి చూడటం, చల్లారాక ఇంకో పూత వేయడం. పసిబిడ్డకి పాలు పట్టేవాళ్లు చూసుకున్నట్టే చూసుకున్నాడు. పగులులోకి చుక్క దిగకుండా డాక్టరమ్మ పక్కనే నిలబడి కాపలా కాసింది.

ఇంటికి పంపిస్తూ ఆవిడ ఒకటే మాట చెప్పింది. “ఇక అది తినాలి. తినకపోతే నేనూ ఏం చెప్పలేను.”

పెద్దోడు తల బయట పెట్టలేదు. ఆ రోజూ లేదు, మర్నాడూ లేదు. అల్లుడు పనీ తిండీ మానేసి దాని ముందు నేలమీద చతికిలబడ్డాడు. అత్తగారు ఎదురుగా కూర్చుని కీరదోస ముక్కలు తరుగుతూనే ఉంది. అవి వాడిపోతుంటే తీసేసి మళ్లీ తరుగుతోంది.

సాయంత్రం అవుతుండగా ఇక ఉండబట్టలేక అతను వంగి గొణిగాడు. “తప్పయిపోయింది బావమరిదీ. నా మీద కోపముంటే నా వేలు కొరుకు. తిండి మీద చూపించకురా నాయనా!”

చాలాసేపటికి డిప్ప అంచున ముక్కు కనిపించింది. తర్వాత కళ్లు, ముడతల మెడ. అతని చేతిలో ముక్కని అటూ ఇటూ చూసి, కరుక్కున కొరికింది. అతను కదిలితే ఒట్టు. రెండో ముక్క కూడా తిన్నాక వెక్కివెక్కి ఏడ్చేశాడు, అంత మనిషీ.

అత్తగారు చటుక్కున లేచి లోపలికి వెళ్లిపోయింది. అయిపోయింది, ఈ జన్మకి క్షమించదు అనుకున్నాడు. ఆవిడ అన్నం పళ్లెంతో తిరిగొచ్చి అతని ముందు పెట్టింది.

“ఒకడు తిన్నాడు. రెండోవాడివి, నువ్వూ తిను,” అంది కళ్లు తుడుచుకుంటూ. “నిన్నట్నుంచీ చూస్తూనే ఉన్నా. కొడుకులిద్దర్నీ పస్తుంచి నాకు మాత్రం ముద్ద దిగుతుందా?”