వెనకసందు గేటు

స్టేడియం వచ్చాక ఆ సెలూన్‌లో కూర్చోవడానికి చోటుండటం లేదు. ఆడుకునే పిల్లలు, వాళ్ళ నాన్నలు, మ్యాచ్ చూడ్డానికి వచ్చేవాళ్ళు, ఎవరు గేటు దాటినా ముందు కనిపించేది ఆ అద్దాల తలుపే. మూడో కుర్చీ కూడా వేశాడు మంగలి. చేతినిండా పని. అయినా మనిషికి ముద్ద మింగుడుపడటం లేదు.

ఎలా పడుతుంది? ఆ గేటు అసలు అక్కడ రావాల్సింది కాదు. స్టేడియం కట్టకముందు, పేటవాళ్ళకి పనికొచ్చేలా కడతామంటూ దాని ప్లాను గీసే డిజైనరమ్మ అందర్నీ కూర్చోబెట్టి అడిగింది. పొద్దున నడిచేవాళ్ళకి ట్రాక్ ఉచితం, చిన్న కొట్లకి బేరాలు పెరిగేలా గేటు వెనకసందులో, అని బొమ్మ గీసి మరీ చూపించింది. వెనకసందులో ఉన్నది వదిన టీకొట్టు. అమ్మ పోతే ఇతన్ని చంకనేసుకుని పెంచిన వదిన. అన్న పోయాక ఆ కొట్టే ఆవిడకి దిక్కు. అన్నీ తెలిసీ ఈ మహానుభావుడు లేచి నిలబడి, "అయ్యో మేడమ్, వానొస్తే ఆ సందులో మోకాలిలోతు నీళ్ళు! ముసలీముతకా ఎలా వస్తారు?" అన్నాడు. ఎంత దయో ముసలివాళ్ళ మీద! నిజానికి వాన వెలిసిన కాసేపటికే ఆరిపోయే సందు అది. గేటు సెలూన్ ఎదుటికి వచ్చింది. వదిన కొట్టు ఎదుట గోడ లేచింది.

ఇప్పుడు వదిన కొట్టు మూసేస్తానంటోంది. "బేరాల్లేవురా. ఎవరింట్లోనైనా వంటపనికి కుదురుతా," అంది మొన్న నవ్వుతూ. ఆ నవ్వు చూసి ఇతని ప్రాణం ఉసూరుమంది.

కట్టినది ఎలా ఉందో చూసుకుందామని డిజైనరమ్మ మళ్ళీ పేటకొచ్చింది. ఆవిడ సెలూన్ గుమ్మంలో కనిపించిందో లేదో, నురగ పూసిన గడ్డాన్ని అలాగే వదిలేసి, భుజాన తువ్వాలుతోనే ఆవిడను వెనకసందుకి తీసుకుపోయాడు మంగలి. టీకొట్టు ముందు, వదిన వింటూ ఉండగానే చెప్పేశాడు.

"మేడమ్, ఇక్కడ నీళ్ళు నిలవవు. ఎప్పుడూ నిలవలేదు. నా సెలూన్ కోసం అబద్ధమాడాను. ఈ గోడలో ఒక్క గేటు పెట్టించండి, మీకు పుణ్యముంటుంది."

ఇతనికి వదిన వైపు చూసే ధైర్యం లేదు.

డిజైనరమ్మ గోడకేసి చూసింది, తర్వాత వదినకేసి చూసింది. "గేటు పెట్టొచ్చు, అటంతా ఖాళీయే. కానీ నేను మీ ఒక్కరి మాట మీదే మార్చలేదండీ. ఇక్కడికొచ్చి ఈవిడనీ అడిగాను. మోకాలేమిటి, నడుందాకా వస్తాయన్నారే!"

మంగలి గిరుక్కున తిరిగాడు. వదిన గ్లాసులు కడుగుతోంది.

"నీకు అప్పుడే తెలుసా వదినా?"

"తెలీకేం."

"తెలిసీ అలా ఎందుకు చెప్పావు? పోయేది నీ కొట్టు కదా!"

"మరేం చెప్పమంటావురా? నీళ్ళు లేవంటే నలుగురిలో నువ్వు అబద్ధాలకోరువి అయ్యేవాడివి. ఆ తర్వాత ఈ పేటలో నీ కత్తి కింద గొంతు ఎవడు పెడతాడు?"

గేటు గురించి డిజైనరమ్మ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. ఇతని చెవికెక్కలేదు. సందంతా చూస్తుండగా కొట్టు ముందు కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. "తిట్టు వదినా, ఒక్క తిట్టైనా తిట్టు," అని బతిమాలాడు.

వదిన తిట్టలేదు.