ట్రెస్సా నాన్న పింఛను

ఒపల్ నోట్లో నువ్వుగింజ నానదని ఆ బొగ్గుగనుల ఊళ్లో అందరికీ తెలుసు. దిక్కులేని పిల్లల్ని కౌంటీ వాళ్లు, అంటే జిల్లా సర్కారు వాళ్లు, ఆమె ఇంట్లో ఉంచి, పోషణకు నెలనెలా డబ్బు పంపేవారు. పదకొండేళ్ల ట్రెస్సా వచ్చిన రోజున, ఒపల్, పిల్లను దింపడానికి వచ్చిన కౌంటీ ఉద్యోగి రోండాకు కాఫీ పోస్తూ, అడగని సంగతి కూడా చెప్పేసింది. ఈ పిల్ల తండ్రి గని కప్పు కూలి చనిపోయాడు, అలాంటి పిల్లలకు ప్రభుత్వం పింఛను ఇస్తుంది కదా, ఎవరూ దరఖాస్తు పెట్టినట్టు లేదు, మీరైనా పెట్టండి అంది. రోండా తలూపింది. పిల్లకు ఎంత మేలు చేశానో అని ఒపల్ మురిసిపోయింది.

అది మొదలు ట్రెస్సా దేనికి మొహం ముడుచుకున్నా ఒకటే ఓదార్పు. "మీ నాన్న డబ్బు నీ పేర పోగవుతోందే పిల్లా, పద్దెనిమిది నిండనీ."

అమ్మమ్మా అని పిలిచే ఒపల్ మాటను ట్రెస్సా నమ్మింది. నర్సు చదువుకు సీటు తెచ్చుకుంది. కాలేజీ ఉన్న పట్నంలో గది మాట్లాడుకుంది. ఆ వారమే అడ్వాన్సు కట్టాలి.

పద్దెనిమిది నిండగానే ఇద్దరూ రోండా ఆఫీసుకు వెళ్లారు. రోండా చెడ్డమనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే నాలుగు తిట్టి రావచ్చు. పింఛను వచ్చిన మాట నిజమే, పిల్ల తరఫున కౌంటీయే తీసుకుంది, పోషణ ఖర్చు కింద జమ కట్టుకుంది, మిగిలిందేమీ లేదు అని నెమ్మదిగా చెప్పింది. కొన్ని రాష్ట్రాల్లో ఇప్పుడు ఆ డబ్బు పిల్లల పేరనే దాస్తున్నారట. ఇక్కడ ఇంకా ఆ చట్టం రాలేదట.

ట్రెస్సా అంతా విని, ఒపల్ ఇంట్లో తనతో పాటు పెరుగుతున్న వేరే ఇంటి అన్నదమ్ములిద్దరి సంగతి అడిగింది. "మరి వాళ్లిద్దరి తిండికి ఎవరు కట్టారండీ?"

"కౌంటీయేనమ్మా. వాళ్ల నాన్న బతికే ఉన్నాడుగా, జైల్లో."

"అంటే, మా నాన్న చచ్చిపోయినందుకు నా తిండికి నేనే కట్టుకున్నానన్నమాట."

పెంచే మనిషి కూడా పింఛను తీసుకుని పిల్ల పేర దాచడానికి అడగవచ్చని, అలా అడిగేవాళ్లు తక్కువని, వాళ్లు బయల్దేరుతుంటే రోండా ఒపల్‌తో అంది. ఒపల్‌కు ఒళ్లు మండిపోయింది. రోండా మీద కాదు, తన మీదే. దొంగ చేతికి తాళం ఇచ్చి, ఏడేళ్లూ దాని గురించే గొప్పలు చెప్పుకుంది.

కారులో ట్రెస్సా గది యజమానికి ఫోన్ చేసి, రావడం లేదని చెప్పింది. ఏదో ఒకటి చెయ్యాలి కనుక ఒపల్, ఈ పూట నీకిష్టమైన బీన్సు, మొక్కజొన్న రొట్టె చేస్తానంది.

ట్రెస్సా కిటికీలోంచి చూస్తూనే ఉంది. "ఇన్నాళ్లూ నాకు తిండి పెట్టింది నువ్వనుకున్నాను అమ్మమ్మా. మా నాన్నట."

ఒపల్ కారు పక్కకు ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. ట్రెస్సా ఆమెను ఓదార్చలేదు.