నంబరు లేని ఫైలు

లింకు నొక్కగానే బ్రౌజరు తెరుచుకుంది. తెల్లటి పేజీ ఒకటి కనిపించీ కనిపించకముందే మూసుకుపోయింది. సృజన మళ్లీ నొక్కింది. మళ్లీ అదే తంతు. మూడోసారి నొక్కి కళ్లార్పకుండా చూసింది. ఈసారీ అంతే.

టైము నాలుగు. మెయిలులో ఉన్నవి నాలుగే ముక్కలు. ఇది రెండో నోటీసు. ప్రాక్టికల్ పరీక్షకి మీకు కేటాయించిన తేదీ ఈ ఫైలులో ఉంది. ఇవాళ సాయంత్రం అయిదింటిలోగా ఒప్పుకోవాలి. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

గుంటూరులో ఆరేళ్లపాటు సొంత బోర్డు పెట్టుకున్న పళ్ల డాక్టరు ఆమె. ఇప్పుడు ఈ పరాయి దేశంలో, బ్లాక్‌టౌన్ క్లినిక్‌లో ఇంకొకరు పన్ను పీకుతుంటే ఉమ్ము లాగే గొట్టం పట్టుకుని పక్కన నిలబడుతోంది. ఇక్కడ డాక్టరుగా పనిచెయ్యాలంటే రాత పరీక్షా, ప్రాక్టికలూ రెండూ పాసవ్వాలి. రాత పరీక్ష గట్టెక్కింది గానీ ప్రాక్టికల్ రెండుసార్లు పోయింది. పాసైన ఆ రాత పరీక్ష చెల్లేది ఈ ఏడాది వరకే. ఈసారి తప్పితే అంతా మొదటినుంచి మొదలుపెట్టాలి.

భర్త ద్వారకానాథ్‌కి ఫోన్ చేసింది. ఇంకెవరికి చేస్తుంది? ఆ ఇంట్లో కంప్యూటరు మొగుడి శాఖ. అతను సిటీలో సాఫ్ట్‌వేర్ మేనేజరు. ద పాండ్స్ అనే పేటలో ఇల్లు కొన్న కొత్తలోనే ఇంటి ల్యాప్‌టాప్‌లో మెయిల్ ప్రోగ్రాం పెట్టి, ఇద్దరి మెయిళ్లూ ఒకే ఇన్‌బాక్స్‌లో పడేలా చేశాడు. "మొగుడూ పెళ్లాల మధ్య దాపరికాలేంటి?" అని నవ్వాడు కూడా. పరీక్షల మెయిళ్లు ఫోనులో మోగితే గుండెదడ అని ఆమె వాటిని అక్కడే ఉంచుకుంది. పిచ్చిమాలోకం.

"ఏవండీ, ఎగ్జామ్ లింకు ఓపెన్ కావట్లేదు. రెండో నోటీసంట. మొదటిది నేను చూడనే లేదు!"

"జంక్‌లో పడుంటుందిలే. మెయిల్లోంచి లింకులు నొక్కితే బ్రౌజర్‌తో ఒక్కోసారి ఇంతే, సెక్యూరిటీ ఇష్యూ. నువ్వేం కెలక్కు. నేనొచ్చి చూస్తా."

"అయిదింటికే క్లోజ్ అయిపోతుందండీ!"

"ఒక రోజు అటూ ఇటూ అయినా ఏం కాదు. మీటింగ్‌లోకి వెళ్తున్నా, టెన్షన్ పడకు." పెట్టేశాడు.

కెలకొద్దన్నాడు కాబట్టి పావుగంట కెలక్కుండానే కూర్చుంది. పన్నెండేళ్ల అలవాటు మరి. అంతలో కూతురు లిఖిత బడి నుంచి వచ్చి భుజం మీదుగా తొంగిచూసింది.

"ఇది పని చెయ్యట్లేదే అమ్మలూ. తెరుచుకోగానే మూసుకుపోతోంది."

"ఇట్స్ నాట్ బ్రోకెన్, అమ్మా. ఇట్స్ జస్ట్ అ ఫైల్, సో ద ట్యాబ్ క్లోజెస్. లుక్ ఇన్ డౌన్‌లోడ్స్."

లింకు అవతల ఉన్నది ఉత్త ఫైలు. బ్రౌజరు దాన్ని చడీచప్పుడు లేకుండా దింపుకుని, చూపించడానికి ఇంకేమీ లేక పేజీ మూసేస్తోంది. లిఖిత ఆ ఫోల్డరు తెరిచిపెట్టి, ఆకలంటూ వంటింట్లోకి పోయింది.

ఫైళ్లు వరసగా ఉన్నాయి. పేరు చివర ఒకటి, రెండు, మూడు. ఒకే ఫైలు మళ్లీ మళ్లీ దింపితే బ్రౌజరు అలా నంబర్లు తగిలిస్తుంది. ఆమె నొక్కింది మూడుసార్లే. కానీ వాటి కింద ఏ నంబరూ లేని ఫైలు ఇంకొకటి ఉంది. దాని పక్కన మూడు వారాల కిందటి శనివారం తేదీ, పొద్దున పదకొండు. శనివారాలు ఆమె క్లినిక్‌లో ఉంటుంది. ఇంట్లో ఉండేది అతను.

తెరిచాడు, చదివాడు, మెయిలు తీసి పారేశాడు. ఇందాక జంక్ అన్నది కూడా ఆ నోటితోనే. సృజనకి ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. కానీ గడియారంలో నాలుగూ నలభై. నంబరు లేని ఫైలే తెరిచి చదవడం మొదలుపెట్టింది.

ఆరున్నరకి ద్వారకానాథ్ వచ్చాడు. బూట్లు విప్పి నేరుగా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. రెండు మీటలు నొక్కాడు, కళ్లద్దాలు సవరించుకున్నాడు, పెదవి విరిచాడు. వేషం బాగానే కట్టాడు.

"లింక్ ఎక్స్‌పైర్ అయిపోయింది సృజనా. వాళ్ల సైడే ఏదో ప్రాబ్లం. పోన్లే, మన చేతుల్లో ఏముంది?" అంటూ లేచి ఆమె తల నిమిరాడు.

ఆ నిమరడమే ఆమె భరించలేకపోయింది. ఇన్నేళ్లూ ఏ కష్టమొచ్చినా ఆ చెయ్యి తగిలితే చాలనుకున్న మనిషి.

"ఆగస్టు పద్నాలుగు, మెల్‌బోర్న్," అంది. "అయిదుకి పది నిమిషాలుండగా ఒప్పేసుకున్నాను. మీరు దింపి పెట్టుకున్న ఫైలు చూసే."

చెయ్యి ఆగిపోయింది. అతను మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

"పోయినసారి ఫెయిలైనప్పుడు నెల రోజులు సరిగ్గా అన్నం తిన్లేదు నువ్వు. మళ్లీ నిన్నలా చూడలేక..." అది అబద్ధం కాదని ఆమెకి తెలుసు. అందుకే ఇంకా మండింది.

"ఆ రెండుసార్లూ వాళ్లు పరీక్ష పెట్టి నన్ను ఫెయిల్ చేశారండీ," అంది. "మీరు పరీక్ష కూడా పెట్టలేదు."