అరవై మూడో మేకు

నేను ఒక ఇత్తడి బిళ్ళను, నంబరు అరవై మూడు. ఆ మధ్యాహ్నం నేను గని పైన బోర్డు మేకుకు భద్రంగా వేలాడుతుండగా, నా మనిషి ఓదెలు మూడు వందల అడుగుల లోతున ఉప్పు పెళ్ళల కింద తొడల దాకా కూరుకుపోయి కనిపించాడు.

ఇందులో ఘోరమేమిటో తెలియాలంటే నా ఉద్యోగం గురించి చెప్పాలి. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక బిళ్ళ ఉంటుంది. దిగేటప్పుడు దాన్ని మేకు నుంచి తీసి మెళ్ళో వేసుకోవాలి. పైకి వచ్చాక తన చేత్తో తానే తిరిగి తగిలించాలి. మేకులన్నీ నిండితే లోపల ఎవరూ లేరని లెక్క. అప్పుడు సైరన్ మోగుతుంది. రెండు నిమిషాలాగి పైనుంచే మీట నొక్కుతారు, కింద గోడలో కూరిన మందు తూటాలు పేలి ఉప్పు గోడ కూలుతుంది. అంటే నేను మేకు మీద ఉన్నానంటే ఓదెలు బయట ఉన్నాడని సాక్ష్యం చెప్పినట్టే. పదిహేనేళ్ళ సర్వీసులో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. అదీ నాతో చెప్పించారు.

పుట్టుకతో నేను పాత పంపులో ఒక ముక్కని. ఉప్పు గనిలో ఇనుము ఆరు నెలలకే పొట్టు రాలిపోతుంది కాబట్టి, ఒక ఫిట్టరు నన్ను గుండ్రంగా కోసి బిళ్ళను చేశాడు. నంబరు కొట్టేటప్పుడు ఎవరో పిలిస్తే అటు తిరిగాడు, మూడంకె పక్కకు ఒరిగింది. ఆ గని ఉత్తరాన మంచు కొండల అంచున ఉంది. నా మొదటి యజమాని ఆ కొండల మనిషే. బొటనవేలు ట్రాలీకీ గోడకూ మధ్య నలిగి ఇంటికి పోయాడు. రెండో ఆయన కంట్లో ఉప్పు రవ్వ గుచ్చుకుంది. ప్రమాదాల పుస్తకంలో ఇద్దరికీ ఒకటే కారణం రాశారు: కార్మికుడి అజాగ్రత్త. ఆ పుస్తకం ప్రకారం ఆ గనిలో ఉప్పు ఏనాడూ తప్పు చెయ్యలేదు. ట్రాలీ తప్పు చెయ్యలేదు. మేనేజరు మాట చెప్పనే అక్కర్లేదు.

తర్వాత మన తెలుగువాళ్ళు వచ్చారు. గోదావరి ఒడ్డున బొగ్గు గనుల్లో ఆరితేరిన తొమ్మిది మంది ముఠా, వాళ్ళకు పెద్ద సర్దార్ పోశం. గని కప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, నిలుస్తుందో కూలుతుందో చెప్పగలడు. ఒకసారి తడితే చాలినచోట రెండుసార్లు తట్టేవాడు. ముప్పయ్యేళ్ళలో తన చేతి కింద ఒక్క మనిషికీ దెబ్బ తగలనివ్వలేదని పేరు. రిటైర్మెంటుకు రెండు నెలలుంది.

ఈ ముఠాకు బొగ్గు కొత్త కాదు గానీ, ఉప్పు కొత్త. బొగ్గుపొడి ఒంటిని నల్లగా చేసి ఊరుకుంటుంది. ఉప్పు అలా కాదు, చెమటలో కరిగి చంకల్లో, తొడల్లో కొరుకుతుంది. షిఫ్టు దిగగానే వేడినీళ్ళ స్నానం పడకపోతే రాత్రంతా మంటే. స్నానాల గదిలో బాయిలరు ఒక్కటి, అది ముప్పై మందికి సరిపోతుంది. దిగేది నలభై మంది. చివరి పదిమందికి మంచు నీళ్ళు. ఒక్కొక్కరే బోర్డు దగ్గర వరస కడితే ఆ పదిమందిలో మన తొమ్మిది మందీ పడుతున్నారు. అందుకని ముఠాలో ఒకరు కిందనే అందరి బిళ్ళలూ పోగేసుకుని, పైన గబగబా తగిలించేవారు, మిగతావాళ్ళు నేరుగా నీళ్ళకు పరిగెత్తేవారు. మనిషి ప్రాణానికి గుర్తుగా చేసిన వస్తువును స్నానానికి టికెట్టుగా వాడుకోవడం మనుషులకే చెల్లింది.

ఆరోజు లిఫ్టు దగ్గర ఒక అరచెయ్యి ముందుకు చాచుకుంది. ఓదెలు నన్ను అందులో పెట్టి, టిఫిను డబ్బా మరిచానని వెనక్కి నడిచాడు. నేను పైకి పోయాను.

వాడు బతికాడు. కుడికాలు మోకాలి దాకా తీసేశారు. వారం రోజులకు విచారణ పెట్టారు. తన తప్పు లేదని తేలితే కంపెనీ ఓదెలుకు పైన ఏదో ఒక పని ఇచ్చి ఉంచుకోవాలి. తప్పు వాడిదేనంటే ఉద్యోగమూ, క్వార్టరూ రెండూ పోతాయి. ముఠా మొత్తం కూడబలుక్కుని ఒక కాగితం మీద సంతకాలు చేసింది. ఓదెలు పైకి వచ్చి, బిళ్ళ తానే తగిలించి, డబ్బా కోసం పాత మెట్లదారిన ఎవరికీ చెప్పకుండా మళ్ళీ దిగాడట. ఆసుపత్రి మంచం మీద ఓదెలు తనకేమీ యాదికి లేదన్నాడు. నన్ను అందుకున్న చెయ్యి ఎవరిదో వాడికి బాగా యాదికుంది. ముఠాలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

విచారణకు వచ్చిన ఆఫీసరు గుంటూరు వైపు మనిషి. నన్ను ఒక కవరులో పెట్టి బల్ల మీద ఉంచుకున్నాడు. కాగితం చదివి, సంతకం పెట్టబోతూ, మూలన కూర్చున్న ఓదెలు భార్య సారక్కను మర్యాదకు అడిగాడు, మీరేమైనా చెప్పేదుందా అమ్మా అని.

"ఉన్నది సార్. ఆ మెట్లు ఎన్నున్నయ్?"

నాలుగు వందల పన్నెండని ఎవరో గొణిగారు.

"మా క్వార్టర్‌కు నాలుగు మెట్లున్నయ్. కాలున్నప్పుడే నా పెనిమిటి మోకాళ్ళ నొప్పితోని రెండు ఎక్కి నిలవడుతుండె, రెండు ఎక్కి కూసుంటుండె. డబ్బ మర్చొస్తే నేను తిడుత, అబద్ధమెందుకు. ఎంత తిట్టినా నాలుగు వందల మెట్లంత తిట్టను సార్."

ముఠాలో లచ్చులుకు నవ్వొచ్చింది, దగ్గుగా మార్చుకున్నాడు. ఆఫీసరు నవ్వలేదు. "అయితే ఈ బిళ్ళ తగిలించింది ఎవరండీ?" అని అందరినీ వరసగా చూశాడు. ఎనిమిది మందీ ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకున్నారు.

సారక్క లేచి ముఠా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "పోశం మామా, నువ్వు పెద్దమనిషివి. కప్పును తట్టి నిజం చెప్తవు. వీళ్ళల్ల ఎవలిదో జర తట్టి చెప్పు."

పోశం వచ్చి, కవరులోంచి నన్ను తీసి, ఒరిగిన మూడంకె మీద వేలు పెట్టాడు. వారం కిందట నన్ను అందుకున్న చేతి వేలే.

"నన్ను తడితే సాలు బిడ్డా," అన్నాడు. "సార్, ఆ కాగితం చింపుండ్రి, అది నేనే రాయించిన. బిళ్ళ నేనే తగిలిచ్చిన. ఆరోజే కాదు, రోజూ నేనే. పోరగాండ్లు సల్లనీళ్ళు పోసుకుంటుంటే సూడలేక నేనే మొదలువెట్టిన. డబ్బ తెచ్చుకుని మల్ల లిఫ్టుకు వస్త మామా అని ఓదెలు నాతోనే అన్నడు. నేను ఊఁ అన్న. తొమ్మిది బిళ్ళలు తొమ్మిది మేకులకు ఏసి తానానికి పోయిన. సైరన్ మోగినప్పుడు నెత్తికి సబ్బున్నది. అప్పుడు యాదికొచ్చిండు. రెండు నిమిషాలు ఉండె సార్. మీట కాడికి ఉరికి ఆపొచ్చు. ఒంటి మీద బట్ట లేదని తువ్వాల కోసం దేవులాడిన. తువ్వాల దొరికింది. చుట్టుకుని గడప దాటంగ తూటాలు పేలినయ్."