డెప్యూటీ గారు తోలిన లారీ

రాజధాని బిష్కేక్‌లో, పార్లమెంటు సభ్యుడు డెప్యూటీ ముకాష్ సభలో లేచి నిలబడ్డాడంటే ఒక మాట తప్పకుండా వచ్చేది: "నేను లారీ మీద పెరిగినవాణ్ణి!" వెంటనే బల్లలు మోగేవి. అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. లారీ మీద పెరిగిన మాట వాస్తవమే, కాకపోతే స్టీరింగు వెనక కాదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు గనక ఆయనా చెప్పలేదు.

దేశంలో లారీ తోలేవాళ్ళు కరువైపోయారు. ఉన్నవాళ్ళంతా రష్యాకో లిథువేనియాకో పోయి అక్కడి లారీలు తోలుతున్నారు. ఇక్కడ సరుకు గోదాముల్లో మూలుగుతోంది. దీనికి మందు కనిపెట్టిన మహానుభావుడు ముకాష్. గొంతు చించుకుని చట్టం తెచ్చాడు: ప్రభుత్వ ఖర్చుతో డ్రైవింగు బడి, పైగా విదేశాల్లో కూడా చెల్లే లైసెన్సు. మొదటి బడి సొంత జిల్లా బాత్కెన్‌లోనే పెట్టించాడు. తొలి జట్టు చదువు ముగిసిన రోజున వీడియోలో కనబడి, రెండు అరచేతులూ చాచి, "మీ దారి తెల్లగా ఉండాలి, చాలా దూరం సాగాలి" అని దీవించాడు.

దీవెన ఎంత బాగా తగిలిందంటే, జట్టుకు జట్టు లైసెన్సులు జేబులో పెట్టుకుని లిథువేనియా చేరింది. ఆఖరికి ముకాష్ కారు తోలే బెక్తుర్ కూడా పోయాడు. పోయి ఊరుకున్నాడా, పెద్ద లారీ పక్కన నిలబడి ఫోటో పంపాడు. కింద ఒక ముక్క: "అన్నా, మీ చట్టం చల్లగుండ!" ముకాష్ ఆ ఫోటో చూసుకుని, ప్రపంచంలో డ్రైవర్ల కొరత తీర్చానని గర్వపడాలో, ఏడవాలో తెలియక టీ తాగాడు.

సరిగ్గా అప్పుడే బాత్కెన్ నుంచి జూరా అక్క ఫోను. ఆమె ఆయనకు పెద్దక్క. అమ్మ పోయాక పెంచి పెద్దచేసింది ఆవిడే. ఆవిడకున్నది ఒక్క ఖుబానీ పళ్ళ తోట. నిరుడు పూతంతా మంచుకు రాలిపోయింది. ఈసారి విరగ్గాసింది. ఈ పంట బజారుకు చేరితేనే ఆవిడకు చలికాలం గడుస్తుంది.

"ఒరేయ్ ముకాష్, పళ్ళు లారీకెక్కించాను. మనిషి దొరకడం లేదు. రేపటికి ఓష్ పట్నం బజారు చేరకపోతే గాడిదలు కూడా మూతి తిప్పుకుంటాయి."

"అక్కా, డ్రైవర్ల కొరత జాతీయ సమస్య. దాని మీద మా కమిటీ..."

"నీ కమిటీని వచ్చి పళ్ళు మొయ్యమను!" ఫోను పెట్టేసింది.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని తన గురించే అన్నారనుకుంటూ ముకాష్ విమానమెక్కాడు. కనీసం జిల్లా అధికారిని బెదిరించైనా ఒక డ్రైవరును సంపాదించవచ్చని ఆయన ఆశ.

అక్క వాకిట్లో ఊరంతా ఉంది. పలావు వడ్డించారు, రొట్టె విరిచారు. ఊరికి పెద్దదిక్కు, తెల్లగడ్డం అబ్దిల్దా తాత, ముకాష్ భుజం తట్టాడు.

"వచ్చావా నాయనా! టీవీలో వింటూనే ఉన్నా, లారీ మీద పెరిగానంటావుగా. అక్క కష్టం చూళ్ళేక నువ్వే తోలడానికి వచ్చావన్నమాట. మగాడంటే అలా ఉండాలి!"

"అదేంటంటే తాతా, నేను..."

తాత అప్పటికే దీవెన మొదలుపెట్టి అరచేతులు చాచేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ చాచారు. పుట్టినప్పటి నుంచీ అలవాటుపడ్డ చేతులు, ముకాష్‌వి కూడా వాటంతటవే లేచాయి. "దారి తెల్లగుండాలి, చక్రం జారకూడదు, ఓమిన్!" అన్నాడు తాత. "ఓమిన్" అంటూ ముకాష్ కూడా అందరితోపాటు అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక గానీ చేసిన ఘనకార్యం బుర్రకెక్కలేదు. పెద్దల దీవెన పుచ్చుకుని ప్రయాణం మానినవాడు ఆ ఊళ్ళో మళ్ళీ తలెత్తుకోలేడు. పార్లమెంటులో ఓటేశాక మాట మార్చడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్యే, కానీ ఓమిన్ అన్నాక మాట మార్చే ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

కుడితిలో పడ్డ ఎలకలా లారీ ఎక్కి స్టీరింగు వెనక కూర్చున్నాడు. తాళం తిప్పాడు. లారీ ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. ఊరు చప్పట్లు కొట్టింది. ఇంతలో తలుపు తెరుచుకుంది.

"దిగు. ఆ పక్క కూచో," అంది జూరా అక్క.

"నువ్వు తోలతావా? నీ లైసెన్సు గడువు తీరి ఎన్నేళ్ళయిందో!"

"నీ బడిలో కొత్తది తీసుకున్నాగా. ఆ వేళ వీడియోలో నువ్వు దీవించిన జట్టులో నేనూ ఉన్నా."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పనిస్తే కదరా! ఫోను ఎత్తితే ఉపన్యాసమేగా."

"లిథువేనియా ఎందుకు వెళ్ళలేదు మరి?"

"ఈ చెట్లన్నీ మెళ్ళో కట్టుకుపోనా? నాకు కావలసింది డ్రైవరు కాదురా మొద్దూ. చేతి బ్రేకు పేరుకే ఉంది, కనుమ మీద చక్రం కింద దిమ్మ వేసే క్లీనరు కావాలి."

కాళ్ళ దగ్గర కొయ్యదిమ్మ పడుంది. ముకాష్‌కు దాన్ని గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. చిన్నప్పుడు ఊరి సమష్టి పొలం లారీని అక్క తోలుతుంటే, ఏటవాలు దారుల్లో దూకి ఇలాంటి దిమ్మే వేసేవాడు తను. ఆయన లారీ మీద పెరగడమంటే ఇదీ. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

కనుమ నెత్తి ఇంకాస్త ఉందనగా, ఎదురుగా గొర్రెల మంద అడ్డమొచ్చి లారీ ఆగింది. మంద దాటాక అక్క కాలి బ్రేకు వదలగానే, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. "దిమ్మ!" అని అరిచింది అక్క. ముకాష్ మెరుగుపెట్టిన బూట్లతో దూకాడు, జారి కంకర మీద చతికిలబడ్డాడు. వేసిన దిమ్మ పక్కకు పోయింది. చక్రం మీదికొస్తోంది. పళ్ళు లోయలో పోతాయి, అక్క కూడా పోతుంది. మోకాళ్ళ మీద పాకి, దిమ్మను మళ్ళీ చక్రం కిందికి తోశాడు.

"చెయ్యి లాక్కో!"

లాక్కున్నాడు. లారీ మూలిగి నిలబడింది.

"ఇంకా మరిచిపోలేదురా నువ్వు," అంది అక్క కిటికీలోంచి. పార్లమెంటు బల్లలన్నీ కలిసి మోగినా ఆయనకు ఎన్నడూ అంత సంతోషం కలగలేదు.

ఓష్ బజారుకు పళ్ళు చెక్కుచెదరకుండా చేరాయి. టోకు వ్యాపారి కమ్చి ఒక పండు కొరికి తలాడించాడు. అంతలో దుమ్ము కొట్టుకున్న సూటులో ముకాష్‌ను గుర్తుపట్టి కేకేశాడు. "అమ్మో, డెప్యూటీ గారు! స్వయంగా లారీ తోలుకొచ్చారే!" జనం మూగారు, ఫోన్లు లేచాయి.

ముకాష్ గొంతు సవరించుకున్నాడు. "తోలింది నేను కాదు, మా అక్క. నేను క్లీనర్ని. చిన్నప్పుడు కూడా క్లీనర్నే. లారీ తోలడం నాకు రాదు."

బజారంతా ఈలలు వేసింది.

"చూశారా ఎంత అణకువో!" అన్నాడు కమ్చి, కళ్ళొత్తుకుంటూ. "మళ్ళీ ఓటు మీకే అన్నా!"

"నిజమే చెబుతున్నానయ్యా!"

"ఇంకా అణకువే!"

జూరా అక్క లారీ తలుపు పట్టుకుని పడీపడీ నవ్వింది. "ఇన్నేళ్ళూ లేనిది నమ్మించావు. ఉన్నది నమ్మించు, చూద్దాం!" అని, నవ్వు ఆపుకుని కొయ్యదిమ్మను ఆయన చేతిలో పెట్టింది.

"ముందు దీన్ని లోపల పెట్టు. తిరుగు దారిలో కూడా కనుమ ఎక్కాలి."